కీప్యాడ్ మీద 1, 4, 7 పనిచేయకపోతే అలారం మొత్తం మార్చాలా?

అడిగిన సంగతి ఇది: నెల్లూరు వేదాయపాలెంలో అమ్మగారు ఒక్కరే ఉంటున్న ఇల్లు. ఎనిమిదేళ్ల కిందట వైర్లు లాగి వేయించిన అలారం. నవంబరు వానల తర్వాత వరండాలో ఉన్న కీప్యాడ్ మీద 1, 4, 7 అంకెలు పనిచేయడం లేదు. గట్టిగా నొక్కితే 4 మాత్రం ఒక్కోసారి పడుతోంది. కరెంటు పోతే కీప్యాడ్ లైటు మసకబారి ఆరిపోతోంది. రాత్రిళ్లు బీప్‌లు ఆగడం లేదు. చూడ్డానికి వచ్చిన టెక్నీషియన్ ప్యానెల్‌తో (అలారాన్ని నడిపే ఇనప డబ్బా) సహా మొత్తం మార్చాల్సిందే అన్నాడు. సైరన్ మోగితే ఆపలేమనే భయంతో నెల రోజులుగా అలారం పెట్టకుండానే పడుకుంటున్నారు.

నమస్తే అండి. ఒంగోలు, నెల్లూరు మధ్య హైవే పక్క ఊళ్లలో అలారాలు, కెమెరాలు బిగించడం, బాగుచేయడమే నా పని. ముందే చెప్తున్నా, మొత్తం మార్చే అవసరం ఇక్కడ నాకు కనపడటం లేదు. మీ ఇంట్లో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. అంకెలు పడకపోవడం ఒకటి. కరెంటు పోగానే ఆరిపోవడం, రాత్రిళ్లు బీప్‌లు రావడం ఇంకొకటి. రెండూ ఒకే వానల్లో బయటపడ్డాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది. కలిపి చూస్తే ఎవరైనా సిస్టం పోయిందనే అంటారు. విడదీసి చూడండి, కరెంటు జబ్బు బ్యాటరీతో తీరుతుంది, అంకెల జబ్బు కీప్యాడ్ శుభ్రం చేస్తే తీరుతుంది, మహా అయితే కీప్యాడ్ ఒక్కటి మార్చాల్సి వస్తుంది.

రిపేరు సంగతికి ముందు ఈ రాత్రి సంగతి చూద్దాం. పెద్దావిడ ఒక్కరే ఉండే ఇంట్లో అలారం పెట్టకుండా ఉండటం మంచిది కాదు. సిస్టంతో పాటు అప్పట్లో తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న రిమోట్ ఇచ్చారేమో బీరువాలో వెతికించండి. అది దొరికితే కీప్యాడ్ ముట్టుకోకుండానే అలారం పెట్టొచ్చు, తీయొచ్చు. రిమోట్ లేకపోతే ఇంట్లో ఇంకెవరికైనా వేరే కోడ్ ఇచ్చారేమో గుర్తు చేసుకోండి. అందులో 1, 4, 7 లేకపోతే ప్రస్తుతానికి అదే వాడండి.

అవేవీ లేవు, ఉన్న ఒక్క కోడ్‌లోనే ఆ అంకెలు ఉన్నాయి అంటే, ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ప్రయత్నించండి. తడి వల్ల మొరాయించే బటన్లు ఆ సమయంలో చాలాసార్లు పడతాయి. ఒక్కసారి మాస్టర్ కోడ్ (మిగతా కోడ్‌లు మార్చగలిగే అసలు కోడ్) పడితే చాలు, వెంటనే 2, 3, 5, 6, 8, 9, 0 అంకెలతోనే కొత్త కోడ్ పెట్టేయండి.

నొక్కేటప్పుడు చెవితో వినమని అమ్మగారికి చెప్పండి. బటన్ పడిన ప్రతిసారీ కీప్యాడ్ చిన్నగా టిక్‌మంటుంది. నాలుగు అంకెలకు నాలుగు టిక్కులు వినపడాలి. మూడే వినపడితే ప్యానెల్ నాలుగోదాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మళ్లీ మొదటినుంచి కొట్టడం మొదలుపెడితే ఆ మొదటి అంకెను పాతవాటికి కలుపుకుని తప్పు కోడ్ అంటుంది. ఇలా నాలుగైదు తప్పులు పడితే కొన్ని సిస్టంలు కాసేపు కీప్యాడ్‌ను పూర్తిగా లాక్ చేసేస్తాయి. అప్పుడు మంచి బటన్లు కూడా పనిచేయవు, చూసేవాళ్లు కీప్యాడ్ చచ్చిపోయిందనుకుంటారు. అందుకే మీది హ్యాష్ (#)తో చెరిపే రకమైతే, ప్రతి ప్రయత్నానికి ముందు దాన్ని నొక్కి పాతది చెరిపేయాలి. లాక్ అయిపోతే అరగంట దాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి.

సైరన్ గురించి కూడా ఆమెకు ధైర్యం చెప్పండి. ఇళ్ల అలారాల్లో సైరన్ రాత్రంతా మోగదు. సెట్ చేసిన నిమిషాలు అయ్యాక దానంతట అదే ఆగుతుంది. ఎన్ని నిమిషాలు పెట్టారో పగటిపూట పక్కింటివాళ్లకు చెప్పి ఒకసారి మోగించి చూసుకుంటే ఆ భయం పోతుంది. కంగారులో వైరు మాత్రం పీకొద్దు. మేడమీద పెట్టే కొన్ని సైరన్లలో సొంత బ్యాటరీ ఉంటుంది. దొంగ వైరు కోస్తే మోగాలనే దాన్ని అలా తయారు చేస్తారు, మీరు పీకినా మోగుతుంది.

ఇక కరెంటు పోగానే ఆరిపోయే రెండో జబ్బు ముందు చూద్దాం, అది తేలిక. ప్యానెల్ అంటే ఆ ఇనప డబ్బా. మన ఇళ్లలో దాన్ని ఎక్కువగా బీరువా పైన, అటక మీద, మెట్ల కింద పెడతారు. లోపల ఒక సర్క్యూట్ బోర్డు, కింద నల్లగా ఇటుకంత బ్యాటరీ ఉంటాయి. దాని మీద 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని రాసి ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు ప్యానెల్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తూ ఆ బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. కరెంటు పోగానే బ్యాటరీ అందుకోవాలి. మీ ఇంట్లో అందుకోవడం లేదు, అందుకే కీప్యాడ్ మసకబారి ఆరిపోతోంది.

ఈ రకం సీల్డ్ బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి అయిదేళ్లు వస్తాయి. అది కూడా 25 డిగ్రీల దగ్గర. వేడి పెరిగేకొద్దీ ఆయుష్షు తరుగుతుంది, పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగమైపోతుంది. మే నెలలో నెల్లూరు, ఒంగోలు ఎండలు మీకు తెలియనివి కావు. స్లాబు కింద అటక మీద ఉన్న బ్యాటరీ ఎనిమిదేళ్లు ఎలా బతుకుతుంది? మధ్యలో ఎవరూ మార్చలేదంటే అది ఎప్పుడో పోయింది. వానలప్పుడు కరెంటు పదేపదే పోయింది కాబట్టి ఇప్పుడు తెలిసింది, అంతే.

రాత్రి బీప్‌లు కూడా చాలావరకు దీనివే. సిస్టంలో ఏదో లోపం ఉందని ప్యానెల్ అలా గుర్తుచేస్తుంటుంది. కొన్ని రకాల్లో పది సెకన్లకోసారి రెండు చిన్న బీప్‌లు వస్తాయి. హ్యాష్ నొక్కితే ఆగి, ప్యానెల్ మళ్లీ బ్యాటరీని పరీక్షించుకున్నప్పుడు తిరిగి మొదలవుతాయి. డీఎస్‌సీ అనే కంపెనీ రకం అయితే స్టార్ (*), ఆ తర్వాత 2 నొక్కితే లోపం ఏమిటో చూపిస్తుంది. మీరు కంపెనీ పేరు రాయలేదు. డబ్బా తలుపు లోపలివైపు కాగితం అంటించి ఉంటుంది, దాన్ని ఫొటో తీయించండి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఎవరైనా చూడగలిగితే, కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీ టెర్మినల్స్ మీద 13.5 నుంచి 13.8 వోల్టులు కనపడాలి. తర్వాత ప్యానెల్‌కు వెళ్లే స్విచ్ ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. మంచి బ్యాటరీ 12.5 దగ్గర నిలబడుతుంది. పోయినది కళ్లముందే 11 కిందికి జారిపోతుంది. కొత్తదాని కోసం అలారం షాపే వెతకనక్కర్లేదు, కంప్యూటర్ యూపీఎస్ బ్యాటరీ 12 వోల్టులు 7 ఏహెచ్ అని అడిగితే ఇస్తారు. తయారీ తేదీ చూసి తీసుకోండి. ఎరుపు వైరు ప్లస్‌కే పెట్టాలి, తిరగేస్తే ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి బోర్డే పోతుంది. ప్యానెల్ ఛార్జింగ్ నెమ్మది, కొత్త బ్యాటరీ పూర్తిగా నిండటానికి ఒక రోజంతా పట్టొచ్చు. ఈలోపు బీప్ వచ్చినా టెన్షన్ పడొద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఈ బ్యాటరీ ఉండి తీరాలి. ఇన్వర్టర్ స్విచ్ బయటివాళ్లకు అందేచోట ఉంటుంది, ఇది తాళం వేసిన డబ్బాలో ఉంటుంది.

ఇప్పుడు 1, 4, 7. మీ ప్రశ్నలో నాకు బాగా పనికొచ్చిన వివరం ఇదే. ఆ మూడూ ఒకే నిలువు వరసలో ఉన్న అంకెలు. కీప్యాడ్‌లో ఒక్కో బటన్‌కు ఒక్కో వైరు ఉండదు. పన్నెండు బటన్లకు నాలుగు అడ్డగీతలు, మూడు నిలువు గీతలు, ఏడే దారులు. బటన్ నొక్కితే ఒక అడ్డగీత, ఒక నిలువు గీత కలుస్తాయి, ఆ కలయికను బట్టి లోపలి చిప్ అంకెను గుర్తుపడుతుంది. 1, 4, 7 ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. ఆ గీత మీదే నాలుగోది కూడా ఉంది, 7 కింద ఉండే స్టార్. ఆ స్టార్ పనిచేస్తోందో లేదో మీరు రాయలేదు. అమ్మగారిని ఒకసారి నొక్కి చూడమనండి.

స్టార్ కూడా పడకపోతే ఆ నిలువు గీత మొదట్లోనే తెగింది, లేదా బటన్ల బోర్డును అసలు బోర్డుకు కలిపే పట్టీ దగ్గర తుప్పు పట్టింది. స్టార్ బాగా పడుతుంటే గీత చిప్ దాకా ఉన్నట్టే, మిగతా మూడు బటన్ల కిందకి తేమ, మురికి చేరి ఉంటుంది, లేదా వాటికీ స్టార్‌కీ మధ్య గీత తిని ఉంటుంది. 4 గట్టిగా నొక్కితే ఒక్కోసారి పడుతోంది అన్నారు కాబట్టి, పూర్తిగా తెగిన గీత కంటే మురికి మీదే నా అనుమానం ఎక్కువ. ప్యానెల్ పాడైతే మాత్రం ఇలా ఒక్క వరస పోదు. కీప్యాడ్ బటన్ గుర్తుపట్టాకే ప్యానెల్‌కు కబురు వెళ్తుంది. 2, 5, 8 వెళ్తున్నాయంటే కబురు వెళ్లే దారీ బాగుంది, వినే ప్యానెల్ కూడా బాగుంది. ప్యానెల్ మార్చాలన్న టెక్నీషియన్‌ను ఈ ఒక్క విషయం అడగండి.

కీప్యాడ్ విప్పే ముందు అలారం తీసి ఉందో చూసుకుని, ప్యానెల్‌కు వెళ్లే ఎంసీబీ ఆపి, బ్యాటరీ వైరు ఒకటి తీసేయాలి. రెండూ ఆపాకే కీప్యాడ్ ముట్టుకోవాలి. కరెంటు ఉండగా విప్పితే ఎరుపు, నలుపు వైర్లు తగులుకుని ప్యానెల్‌లో ఫ్యూజు పోతుంది, అప్పుడు మూడో జబ్బు మీరే తెచ్చినట్టవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు 230 వోల్టులు ఉంటాయి, అక్కడ చెయ్యి పెట్టే పని ఎలక్ట్రీషియన్‌ది. కీప్యాడ్ వెనుక చిన్న స్ప్రింగు మీట ఉంటుంది. గోడ నుంచి ఎవరైనా పీకితే అలారం మోగడానికి పెట్టిన ట్యాంపర్ స్విచ్ అది. తిరిగి బిగించేటప్పుడు ప్లేటు గోడకు సరిగ్గా ఆనకపోతే అది లేచి ఉండి మళ్లీ బీప్‌లు మొదలవుతాయి. సంక్రాంతికి సున్నాలు, రంగులు వేయించాక వచ్చే ట్యాంపర్ గొడవల్లో చాలావరకు దీనివల్లే. పెయింటరు కీప్యాడ్ ఊడదీసి మళ్లీ వంకరగా తగిలిస్తాడు.

కింది వైపు నొక్కులు స్క్రూడ్రైవరుతో మెల్లగా నొక్కితే ముందు భాగం వచ్చేస్తుంది. లోపల బోర్డు, దాని మీద రబ్బరు పొర ఉంటాయి. రబ్బరు పొరను తిప్పి చూస్తే ఒక్కో బటన్ కింద చిన్న నల్లని చుక్క కనపడుతుంది, అది కార్బన్. బోర్డు మీద సరిగ్గా దాని ఎదురుగా, రెండు దువ్వెనల పళ్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు సన్నని రాగి గీతలు ఉంటాయి. చుక్క వచ్చి ఆ పళ్ల మీద కూర్చుంటే బటన్ పడుతుంది. 1, 4, 7 దగ్గర ఆ గీతలను టార్చి వేసి చూడండి. తెల్లని బూజులాంటి పొరో, పచ్చని మరకో, ఎండిన నీటి చారో కనపడితే దొంగ దొరికినట్టే.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. మెత్తటి బ్రష్షు దానిలో ముంచి రాగి గీతల మీద నెమ్మదిగా రుద్దాలి. నల్లని చుక్కలను మాత్రం రుద్దకూడదు, దూది తడిపి ఒకసారి తుడిస్తే చాలు. గోకితే కార్బన్ ఊడిపోతుంది, ఇక ఆ బటన్ బాగుపడదు. పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ దగ్గరికి రానీయొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. తాళాలకు కొట్టే నూనె స్ప్రే కూడా వద్దు, అది జిడ్డు మిగిల్చి దుమ్మును పట్టుకుంటుంది. తుడిచాక ఫ్యాను కింద గంటసేపు ఆరనిచ్చి బిగించాలి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి డిస్‌ప్లేను పాడుచేస్తుంది, వాడొద్దు.

లోపల చీమల గుడ్లు, బల్లి రెట్టలు కనపడినా ఆశ్చర్యపోకండి. ఎప్పుడూ వెచ్చగా, చీకటిగా ఉండే చోటు అది. వాటి తడి కూడా రాగిని తినేస్తుంది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి వైపు ఇళ్లలో అయితే నీటి మరక బదులు సన్నని రాతిపొడి కనపడుతుంది, అక్కడ పొడి బ్రష్షుతోనే సగం కీప్యాడ్లు బాగవుతాయి.

తుడిచినా మారకపోతే, కొత్తది కొనేముందు ఒక పరీక్ష తప్పకుండా చేయించండి. నేను ఏ ఇంట్లోనైనా ఇది చేయకుండా కీప్యాడ్ మార్చమని చెప్పను. అన్నీ ఆపేసి, కీప్యాడ్‌ను గోడ నుంచి తీసి ప్యానెల్ దగ్గరికే తీసుకెళ్లాలి. ప్యానెల్ టెర్మినల్స్ నుంచి పాత కీప్యాడ్ వైర్లు తప్పించి, ఒక మూర పొడవు కొత్త వైరుతో కీప్యాడ్‌ను నేరుగా కలపాలి. ఎక్కువ రకాల్లో నాలుగే వైర్లు: ఎరుపు ప్లస్, నలుపు మైనస్, పసుపు, ఆకుపచ్చ కబుర్లు మోసేవి. ఏ రంగు ఏ టెర్మినల్‌లో ఉందో ముందే ఫొటో తీసుకోవాలి. తర్వాత కరెంటు, బ్యాటరీ రెండూ ఇవ్వాలి, కొన్ని ప్యానెళ్లు బ్యాటరీ ఒక్కదానితో మేలుకోవు. అక్కడ కూడా 1, 4, 7 పడకపోతే కీప్యాడే పోయింది, నిస్సందేహంగా మార్చొచ్చు. అక్కడ అన్నీ చక్కగా పనిచేసి, గోడ మీదికి వెళ్లగానే మొరాయిస్తే తప్పు వైరులోనో గోడలోనో ఉంది. కొత్త కీప్యాడ్ పెట్టినా నెలకో రెండు నెలలకో అదీ పోతుంది.

మీ ఇంట్లో గోడ మీద నాకు అనుమానం ఉంది. కీప్యాడ్ ఉన్నది వరండాలో, పోయింది నవంబరులో. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గాలివాన తూర్పు నుంచి వచ్చి గోడను ఏటవాలుగా కొడుతుంది, అందులోనూ సముద్రపు ఉప్పుగాలి. కానీ నీళ్లు ముందు నుంచి రావడం తక్కువ. ఎక్కువగా వెనుక పైపులోంచి వస్తాయి. మేడమీద సైరన్‌కు వెళ్లే పీవీసీ పైపు స్లాబులోంచి దిగి, గోడలో కీప్యాడ్ పైపుతో కలుస్తుంది. పైన ఆ పైపు నోరు మూయకపోతే వాననీళ్లు వైరు వెంబడి జారుతూ నేరుగా కీప్యాడ్ వీపు మీదికి చేరతాయి. వైరు ఎటువైపు నుంచి లోపలికి వచ్చిందో చూడండి. మీ కీప్యాడ్‌లో ఎడమవైపు నుంచి వస్తే ఎడమ వరసే ఎందుకు పోయిందో అర్థమైపోతుంది.

దానికి మందు చిన్నదే. మేడమీద పైపు నోటికి కిందికి వంగిన బెండు పెట్టి, వైరు చుట్టూ సిలికాన్ పూయాలి. కీప్యాడ్ వెనుక గోడ రంధ్రం కూడా సిలికాన్‌తో మూసి, వైరును లోపలికి వచ్చే ముందు కిందికి వేలాడే వంపుగా వదలాలి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గోడ తడిగా ఉండగా సిలికాన్ అంటదు, ఎండలు వచ్చాక చేయించండి. వీలైతే కీప్యాడ్‌నే వరండా నుంచి తలుపు లోపలివైపు గోడకు మార్పించండి. బయట ఉంటే వాన ఒక్కటే కాదు, వీధిలో నిలబడినవాళ్లకు మీ వేళ్లు ఎటు కదిలాయో కూడా కనపడుతుంది.

2021 నవంబరు పెన్నా వరదల్లో మీ వీధిలోకి నీళ్లు వచ్చాయా? వచ్చి ఉంటే కింద స్విచ్ బోర్డుల ఎత్తులో ఉన్న వైరు జాయింట్లన్నీ విప్పి చూడాల్సిందే. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లలో రాగి లోపల్లోపల పచ్చబడి, సంవత్సరాల తర్వాత తెగుతుంది. ఇలాంటి జాయింటు ఉంటే బటన్ నొక్కినప్పుడు కీప్యాడ్ లైటు వెలుగు తగ్గుతుంది. ప్యానెల్ దగ్గర ఎరుపు, నలుపు మధ్య 13 వోల్టులు ఉండి, కీప్యాడ్ దగ్గర 11 ఉంటే దారిలో జాయింటు తినేస్తోంది. వైరు పొడవు వల్ల ఇంటి లోపల అంత తగ్గదు, ముప్పై మీటర్ల మామూలు అలారం వైరులో కీప్యాడ్ లోడుకు పోయేది అర వోల్టు లోపే. పసుపు, ఆకుపచ్చ మీద మీటరు అంకె నిలకడగా ఉండకుండా కదులుతుంటే కబుర్లు నడుస్తున్నట్టు. కొత్త వైరు లాగాల్సి వస్తే మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క లాగించండి, 230 వోల్టుల వైర్లున్న పైపులో మాత్రం వేయనివ్వకండి.

చివరికి కీప్యాడ్ మార్చాలనే తేలితే, వెనుక స్టిక్కరు మీది మోడల్ నంబరు, ప్యానెల్ బోర్డు మీది నంబరు రెండూ రాసుకుని కొనండి. ఒక కంపెనీ కీప్యాడ్ ఇంకో కంపెనీ ప్యానెల్‌తో మాట్లాడదు, ఒకే కంపెనీలో కూడా అన్నీ కలవవు. పాత మోడల్ కొత్తగా దొరకకపోయినా, ఆ ప్యానెల్‌కు సరిపోయే తర్వాతి మోడల్ ఉంటుంది, లేదంటే సిస్టం మార్చేసినవాళ్ల దగ్గర వాడినది దొరుకుతుంది. బిగించాక కొన్ని రకాల్లో కీప్యాడ్‌కు అడ్రస్ నంబరు, అంటే ప్యానెల్ దాన్ని గుర్తుపట్టే నంబరు, పెట్టాలి. హనీవెల్ కంపెనీ విస్టా రకంలో మొదటి కీప్యాడ్ అడ్రస్ 16. పవర్ ఇచ్చిన 60 సెకన్లలో 1, 3 కలిపి నొక్కితే అడ్రస్ మార్చే చోటు తెరుచుకుంటుంది. అడ్రస్ కుదరకపోతే కొత్త కీప్యాడ్ కూడా లైటు వెలిగి పనిచేయదు, దాన్ని చూసి "చూశారా, ప్యానెల్ పోయింది" అంటే నమ్మకండి. ఇన్‌స్టాలర్ కోడ్ (బిగించేవాళ్లు సిస్టం సెట్టింగులు మార్చడానికి వాడేది) కాగితం మీద రాయించుకోండి. ఇల్లు మీది, డబ్బులిచ్చి కొన్నది మీరు, ఆ కోడ్ మీ దగ్గర ఉండాలి.

పాత కీప్యాడ్‌నే ఉంచితే ఇంకో మాట. ఎనిమిదేళ్లు ఒకే కోడ్ వాడి ఉంటే నాలుగు బటన్ల మీద అక్షరాలు అరిగి, మిగతావి కొత్తగా ఉంటాయి. ఏ నాలుగు అంకెలో తెలిస్తే వాటిని వరసలు మార్చి కొట్టడానికి 24 రకాలే ఉన్నాయి. బటన్లు బాగయ్యాక కోడ్ మార్చేయండి, కొత్తదాంట్లో అరగని అంకెలు వాడండి. అమ్మగారు కొన్నాళ్లు మీ దగ్గరికి వచ్చి ఇంటికి తాళం వేస్తే, ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం) సదుపాయం గురించి స్టేషన్‌లో అడగండి. తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెట్టి గమనిస్తారు.

ముందు బ్యాటరీ మార్పించండి. ఆ తర్వాత స్టార్ పడుతోందా లేదా, కరెంటు ఉండగా కీప్యాడ్ దగ్గర ఎరుపు, నలుపు మధ్య ఎన్ని వోల్టులు, వైరు ఎటువైపు నుంచి వస్తోంది, ఈ మూడు రాసి, డబ్బా తలుపు లోపలి కాగితం ఫొటో పెట్టండి. మోడల్ చూసి దానికి సరిపోయే కీప్యాడ్ ఏదో, అడ్రస్ ఎలా పెట్టాలో చెప్తాను.